బోల్టు తీసుందా

నేను ఇది ముందే రాయలేకపోవడానికి కారణం జొన్నచేను. మా ఊళ్ళో బడి ఉండేది. నన్ను పంపడానికి మా నాయనకు అభ్యంతరం కూడా లేదు. అయితే బడిగంట కొట్టే వేళకే పిట్టలు కంకుల మీద వాలేవి. మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి, తిప్పి విసరడం నా పని. మా అన్నకు గురి లేదు, నాకు ఉంది. గురి లేనందుకు వాడు బడికి పోయాడు, ఉన్నందుకు నేను చేనికి పోయాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, వేరుశనగ చేలు, ఆయన పోవడం, అన్నీ అక్షరాలు లేకుండానే జరిగిపోయాయి. అక్షరాలు నేర్చుకున్నది ఐర్లండుకు వచ్చాక, జబ్బు లోకమంతా తిరుగుతున్న రెండో చలికాలంలో. నా కూతురు నేర్పింది. చేతికి రాత కుదిరాక మొదట ఏం రాయాలా అని ఆలోచిస్తే, అంతకు ముందు వసంతంలో ఆ ఇంట్లో జరిగింది తప్ప మరేదీ ముందుకు రాలేదు.

అది పోర్ట్‌లీష్ ఊరి బయట, గొర్రెల పొలాల మధ్య అద్దె ఇల్లు. నా కూతురు ఊళ్ళోని ఆసుపత్రిలో నర్సు. అల్లుడిది డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో కంప్యూటరు ఉద్యోగం. ఆఫీసు మూసేశాక మేడ మీది గదిలో కూర్చునే ఆ పని చేసేవాడు. వాళ్ళకు ఒక్కతే పాప, అప్పటికి ఐదేళ్ళది. కొన్నాళ్ళు ఉండి పోదామని వచ్చిన నేను విమానాలు ఆగిపోయి అక్కడే ఉండిపోయాను. ఇంటి ఓనరు డెబ్బై దాటిన ఐరిష్ రైతు. భార్య లేదు. మా వాకిలికి అవతలి ఇంట్లో ఒక కుక్కతో ఉండేవాడు. మేమంతా పెద్దాయన అనేవాళ్ళం.

డెబ్బై దాటినవాళ్ళు గడప దాటవద్దని ప్రభుత్వం చెప్పింది. దానికి కకూనింగ్ అని పేరు పెట్టింది. కకూన్ అంటే ఏమిటని అడిగితే నా కూతురు "పట్టుగూడు మా" అంది. మా హిందూపురం వైపు పట్టుగూళ్ళు చూడనివాళ్ళు ఉండరు. గూట్లో పడుకున్న పురుగును గూటితో సహా మరిగే నీళ్ళలో వేస్తారు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని నాకు నచ్చలేదు.

అది గొర్రెలు ఈనే కాలం. నక్కలు పిల్లలను ఎత్తుకుపోయేవి. బూడిదరంగు కాకులు అప్పుడే పుట్టిన పిల్లల కళ్ళు పొడిచేవి. అంతకు ముందు ఏడాది పెద్దాయన అల్లుడికి తుపాకి కాల్చడం నేర్పాడు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, లైసెన్సు ఇచ్చారు. అల్లుడు సొంతంగా ఒక పాత తుపాకి కొనుక్కున్నాడు. పెద్దాయన గూట్లోకి పోయాక మందకు కాపలా అల్లుడే అయ్యాడు.

తుపాకి చిన్నది. దాని తూటా కందిగింజంత లావు. నక్కకు, కాకికి, కుందేలుకు అది చాలు. అల్లుడు మట్టికట్టకు కాగితం అంటించి దూరం నుంచి కాల్చేవాడు. మొదట్లో చిల్లులన్నీ టీ సాసరంత మేర పడేవి. తర్వాత ఒక్క యూరో బిళ్ళ కింద దాగేవి. నక్క తల బిళ్ళకన్నా పెద్దదే కదా అని నాకు అనిపించేది. అల్లుడికి మాత్రం అది చాలలేదు.

గొట్టం కింది కట్టెను గరుకు కాగితంతో రుద్దాడు. గొట్టానికీ కట్టెకూ మధ్య కాగితం ముక్క దూర్చి ఒక చివరి నుంచి ఇంకో చివరికి లాగేవాడు.

"చూడత్తా, ఎట్ల జారిపోతాందో."

"జారితే ఏమైతాదప్పా?"

"గొట్టం కట్టెకు తగలకూడదు. తగిలితే గురి మారుతాది."

నాకు అర్థమైంది. వడిసెల తాళ్ళలో ఒకటి మంచుకు తడిస్తే రాయి పక్కకు పోతుంది. అది ఎంత చిన్న తేడాయో, పిట్టకు అదెంత పెద్ద తేడాయో నాకు తెలుసు. అందుకే మొదట్లో నేను ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే పక్కన కూర్చుని చూడడం బాగానే ఉండేది.

నా కూతురు డ్యూటీ నుంచి వచ్చి వెనక తలుపు దగ్గరే బట్టలు మార్చుకుని, ఎవరినీ తాకకుండా పోయి చిన్నగదిలో పడుకునేది. అల్లుడు ఆ బట్టలకు సంచి పట్టుకుని దూరంగా నిలబడేవాడు. ఆమె తలుపు వేసుకున్న తర్వాత కూడా కాసేపు అలాగే నిలబడి, తర్వాత తుపాకి ముందేసుకునేవాడు. ఆ రోజుల్లో ఆయన సరిచేయగలిగింది అదొక్కటే. ప్రతిరోజూ ఏదో ఒకటి సరిచేయడానికి మిగిలేది.

చివరికి ట్రిగ్గరు దగ్గరికి వచ్చాడు. ట్రిగ్గరు గట్టిగా ఉంటే లాగేటప్పుడు చెయ్యి కదులుతుందట. లోపలి స్ప్రింగును కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోయాడు. ఎంత వదులైందో కొలవడానికి, ఇండియాకు పోయేముందు సూట్‌కేసులు తూచే కొక్కెం స్కేలు తెచ్చాడు. విమానాలు లేవు కాబట్టి అది ఊరికే పడి ఉంది. కొక్కెం ట్రిగ్గరుకు తగిలించి లాగితే టక్కుమని శబ్దం, ఆ వెంటనే స్కేలు కుయ్యిమనేది. రోజురోజుకూ అంకె తగ్గుతూ వచ్చింది. ఒకరోజు స్కేలు కుయ్యిమనలేదు. సూట్‌కేసులు తూచేదానికి అంత తక్కువ బరువు తెలియదు.

పెద్దాయన తన కిటికీ తెరిచి వాకిట్లో కూర్చున్న అల్లుడితో ఏదో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, కిటికీ వెంటనే మూయలేదు.

"ఏమంటాండు?" అని పాపను అడిగాను.

"తాత సేస్ లీవ్ ఇట్ బీ, ఇట్స్ షూటింగ్ గ్రాండ్," అంది పాప. "డాడీ నెవర్ లిసన్స్, అవ్వా."

ఆ సాయంత్రం నా కూతురు దూరంగా తన కంచం పెట్టుకుని తింటూ, "నక్కను కాలుస్తావా, దానికి ఆపరేషను చేస్తావా?" అంది. అల్లుడు నవ్వాడు. ఆయనను ఆటపట్టించడం ఆమె అప్పుడూ మానలేదు. లాక్‌డౌన్ అని వినగానే డబ్లిన్ పోయి బియ్యం సంచులు కారు నిండా వేసుకొచ్చినప్పుడు, "ఎవురి పెండ్లికి?" అని అడిగింది. ఆ సంచులన్నీ వంటింటి వెనక, బట్టలు ఉతికే మిషను, వెనక తలుపు ఉండే ఇరుకు గదిలో ప్రెస్ అడుగున పెట్టాము. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు.

నేను మొదట గుర్తుపట్టిన అక్షరం తెలుగుది కాదు. బడి మూసేశారు కాబట్టి పాప నా పక్కన కూర్చుని రంగు పెన్సిళ్ళతో అక్షరాలు రాసేది. "ఎఫ్ ఫర్ ఫాక్స్, అవ్వా," అని నా చేత దిద్దించింది. దిద్దిస్తూ, "డాడీ గన్ మీద కూడా ఎఫ్ ఉంది. లిటిల్ రెడ్ వన్," అంది.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ ఎర్ర అక్షరం ఎంత చిన్నదంటే, ముఖం దగ్గరికి తీసుకుపోతే తప్ప కనబడదు.

అల్లుడితో చెప్పాను. "పాప దాని దగ్గరికి పోతా ఉన్నట్టుందప్పా."

"ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తాను కదత్తా. దాంట్లో అసలు ముక్క తీసి పైన హాట్ ప్రెస్‌లో వేరేగా పెడతా. అది లేకుంటే తుపాకి వట్టి గొట్టమే."

హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. తువ్వాళ్ళు అందులో పెడతాము. ఆ ముక్కను నేను చూశాను, జానెడు పొడవు, పక్కకు ఒక పిడి, నూనెగుడ్డలో చుట్టి ఉండేది. దాని పేరు నాకు తెలియదు. అడగలేదు. అల్లుడి ఇంట్లో తింటూ అల్లుడికి రెండోసారి చెప్పే అలవాటు మా వైపు అత్తలకు లేదు.

మా ఇంట్లో బోల్టు అంటే వెనక తలుపు గడియ. పెద్దాయన కుక్క ముందుకాళ్ళు ఎత్తి తలుపు పిడిని నొక్కి లోపలికి వచ్చేసేది. పాపకు ఆ కుక్కంటే ప్రాణం. ఇల్లిల్లూ తిరిగే కుక్క వెంట జబ్బు వస్తుందేమోనని మాకు భయం. అందుకే ఎవరు లోపలికి వచ్చినా "బోల్టు పెట్టినావా?" అనేది రోజూ వినబడే మాట. ఆ కాపలా నాది.

ఆ రోజు మధ్యాహ్నం నా కూతురు డ్యూటీలో ఉంది. రాత్రికి కూడా ఉండమన్నారని ఫోను చేసింది. పాప వంటింట్లో బల్ల దగ్గర బొమ్మ గీస్తోంది. నేను పప్పుకు తిరగమాత పెడుతున్నాను. అల్లుడు వదులు చేసిన ట్రిగ్గరును పొలంలో పరీక్షించి తుపాకితో వెనక తలుపు లోంచి వచ్చాడు. అదే సమయానికి మేడ మీద కంప్యూటరు మోగింది. ఏదో మీటింగు మరిచిపోయినట్టున్నాడు. తుపాకిని మిషను పక్క గోడకు ఆనించి పరుగెత్తాడు. మెట్ల మీది నుంచి కేకేశాడు.

"అత్తా, బోల్టు తీసుందా చూడు."

నేను గరిట పట్టుకునే తొంగి చూశాను. తలుపు గడియ వేసి లేదు.

"తీసే ఉందప్పా."

"సరే."

"పెట్టేదా?"

"వద్దొద్దు. అట్లే ఉండనీ. ముట్టుకోవద్దు."

ఎందుకు వద్దన్నాడో నాకు తెలియలేదు. మళ్ళీ బయటికి పోతాడేమో అనుకున్నాను. పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి. తలుపు పిడి కిందికి దిగిన చప్పుడు, కుక్క గోళ్ళు గచ్చు మీద గీరిన చప్పుడు విన్నాను. పాప కుర్చీలోంచి లేవబోయింది. "కూర్చో," అన్నాను గట్టిగా. ఆ ఒక్కసారి అది నా మాట విని కూర్చుంది.

తర్వాత వచ్చిన శబ్దానికి కుక్కరు పేలిందనుకున్నాను. కుక్కరు చూస్తే మూత మీదే ఉంది. కుక్క అరుస్తూ బయటికి పారిపోయింది. ఇరుకు గదిలో తుపాకి గచ్చు మీద పడి ఉంది. కాల్చిన వాసన. ప్రెస్ తలుపుకు కందిగింజంత చిల్లు, దాని కింద సందులోంచి బియ్యం సన్నగా జారుతోంది.

అల్లుడు చెవుల మీది యంత్రం మెడలో వేలాడుతుండగా దిగివచ్చాడు. పాపను ఎత్తుకుని ఒళ్ళంతా తడిమాడు. "ఇట్ వాజ్ రియల్లీ లౌడ్, డాడీ," అంది పాప. దాన్ని దించి నా వైపు చూశాడు.

"బోల్టు తీసుందన్నావు కదత్తా?"

"తీసే ఉందప్పా. చూడు."

నేను తలుపు చూపించాను. ఆయన తలుపు వైపు చూశాడు. తర్వాత తుపాకి వైపు చూశాడు. అక్కడే కింద కూర్చున్నాడు. తుపాకికి వెనక, పక్కకు పిడితో, హాట్ ప్రెస్‌లో ఉండవలసిన ముక్క దాని చోటులోనే ఉంది. దాన్నీ బోల్టే అంటారని నాకు అప్పుడు తెలిసింది. పక్కనే ఎర్రగా, చిన్నగా, నేను గుర్తుపట్టగలిగిన అక్షరం కనబడుతోంది. ఆ ఎఫ్ ఫైర్‌కు గుర్తట, అది కనబడితే తుపాకి పేలడానికి సిద్ధంగా ఉన్నట్టట.

నేను ప్రెస్ తెరిచాను. తూటా పై సంచిలోకి దూరి బయటికి రాలేదు. సంచుల వెనక పలుచటి గోడ. దాని అవతల వంటింటి బల్ల, బల్ల దగ్గర పాప కుర్చీ. చిల్లు దగ్గర వేలు పెట్టి వరస చూశాను. మంచె మీద నిలబడ్డ దాన్ని, వరస చూడడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. గురిలో తేడా లేదు. మధ్యలో బియ్యం ఉంది, అంతే. అల్లుడు నా వేలు వైపు చూసి తల తిప్పుకున్నాడు.

వాకిట్లో పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎన్నో వారాల తర్వాత గడప దాటాడు. కుక్క మెడపట్టీ పట్టుకుని దూరం నుంచే, "ఆర్ యి ఆల్ గ్రాండ్?" అని, అందరూ బాగున్నారా అన్నట్టు అడిగాడు.

"గ్రాండ్," అన్నాడు అల్లుడు.

పెద్దాయన నా ముఖం చూశాడు. కుక్కను ఈడ్చుకుంటూ వెనక్కి తిరిగాడు.

తలుపు వేశాక అల్లుడు చిన్న గొంతుతో, "ఆమెకు చెప్పొద్దత్తా. అసలే సగం చచ్చి వస్తాంది," అన్నాడు. "స్ప్రింగు కొంచెం బిగిస్తే చాలు. మళ్ళీ ఇట్ల జరగదు."

కొంచెం అన్న మాట నా చెవిలో పడింది. సాయంత్రం పాపకు అన్నం పెడుతుంటే మేడ మీద టక్కుమంది. ఆ వెంటనే స్కేలు కుయ్యిమంది. కాసేపాగి మళ్ళీ టక్కుమంది. ఈసారి కుయ్యిమనలేదు. "డాడీ ఫిక్స్ చేస్తున్నాడు," అంది పాప.

మరుసటి రోజు పొద్దున అల్లుడు లేవకముందే హాట్ ప్రెస్ తెరిచి, తువ్వాళ్ళ వెనక నుంచి నూనెగుడ్డ తీసుకుని బొడ్లో దోపుకున్నాను. చిల్లుపడిన సంచిని వెనక తలుపు దగ్గరికి ఈడ్చుకొచ్చి, పళ్ళెంలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టాను. రాగి రేకులు, సీసం పొడి. తూటా లోపల ముక్కలు ముక్కలైంది. ఎంత ఏరినా మళ్ళీ ఒకటి మెరిసేది.

నా కూతురు వచ్చింది. గడియ తీశాను. వాకిట్లోనే నిలబడి మాస్కు తీసి, చెవుల వెనక రుద్దుకుంటూ నవ్వింది.

"ఏంది మా, ప్యాకెట్టు బియ్యంలో రాళ్ళా?"

నేను పళ్ళెం అంచున కుప్పపెట్టినవి చూపించాను. ఆమె వంగి చూసింది. గాయాల్లోంచి ఏమేమి తీస్తారో చూసిన మనిషి, ఎక్కువసేపు చూడనవసరం లేకపోయింది. నా వెనక ప్రెస్ తలుపు చూసింది, చిల్లు చూసింది, గోడ చూసింది.

"పాప యాడుంది?"

"నిద్రపోతాంది. ఏం కాలేదు. అప్పుడు బల్ల కాడ కుర్చీలో కూచోనుండె."

ఆమె అడిగింది.

"బోల్టు ఏది మా?"

ఈసారి నేను తలుపు వైపు చూడలేదు. బొడ్లోంచి నూనెగుడ్డ తీసి గడప మీద పెట్టి, ఆమె తీసుకోవడానికి వెనక్కి జరిగాను.