వెనక చీల్చిన ఫెరన్

కెనడాలోని మిస్సిసాగాలో మా టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో నాకో కుట్టుమిషన్ ఉంది. ఆఫీసు పని అయ్యాక చుట్టుపక్కల తెలుగువాళ్ళ జాకెట్లు కుడతాను. చేతులు బిగుతయ్యాయనో మెడ జారుతోందనో ఎవరొచ్చినా ముందు నాలుగు మాటలంటాను, తర్వాత సరిచేసి ఇస్తాను. నాకు నోరెంత ఎక్కువో కత్తెర ధైర్యం అంతకన్నా ఎక్కువ. ఒక్కసారే చెయ్యి ఆడలేదు. అది పక్కింటి కశ్మీరీ ఆంటీ ఫెరన్ కత్తిరించాల్సి వచ్చిన రోజు.

ఫెరన్ అంటే మెడ నుంచి పిక్కల దాకా వదులుగా జారే అంగీ. ఆంటీది దానిమ్మగింజ రంగు ఉన్నిది. దాని కింద అదే కొలతకు కుట్టిన తెల్ల నూలుది ఇంకొకటి ఉండేది. రెండూ కలిపే వేసుకోవాలి. వాళ్ళ ఊళ్ళో చలికాలం అల్లిక బుట్టలో నిప్పుల కుండ పెట్టుకుని, చేతులు ఫెరన్ లోపలికి లాక్కుని, దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని కూర్చుంటారట. ఇక్కడ నిప్పులు రాజేస్తే ఫైర్ అలారం మోగి వీధి వీధంతా బయటికొస్తుంది. అందుకని ఆంటీ వేడినీళ్ళ బ్యాగ్‌తో సరిపెట్టుకునేవారు. ఫెరన్ ఖాళీ చేతులు రెండూ అటూ ఇటూ వేలాడుతుంటే, "చేతులెక్కడ పారేసుకున్నారు ఆంటీ?" అని హిందీలో ఏడిపించేదాన్ని.

"ఎక్కడా పోలేదు బేటీ. ఇంట్లోనే ఉన్నాయి" అనేవారు.

ఆ ఫెరన్‌కి అంచు దగ్గర చుట్టూ ఒక మడత కుట్టి ఉండేది. మావైపు ఆడపిల్లల లంగాలకు టక్కులు వేస్తారు, పొడుగయ్యాక విప్పుకోవచ్చని. ఇదీ అలాంటిదే అనుకుని, "ఈ వయసులో ఇంకా ఎదుగుతారా? విప్పెయ్యనా?" అన్నాను. ఆంటీ నవ్వలేదు. ఆ మడత మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇది మా పండిట్ ఆడవాళ్ళ ఆనవాలు. ఇది చూసే నేనెవరో చెబుతారు" అన్నారు.

పండిట్లు కశ్మీర్ విడిచి పారిపోయిన రోజుల్లో, ఊరు వదిలి వచ్చిన తెల్లవారుజామున ఆవిడ ఒంటి మీద ఉన్నది అదే. చంకలో ఇంకా నడక రాని కూతురు. ముందు తలుపుకి తాళం వేయడం ఆంటీకి బాగా గుర్తు. వంటింటి వెనక తలుపుకి గడియ పెట్టారో లేదో మాత్రం గుర్తులేదు. టీ తాగుతూ తాగుతూ ఆ మాటే ఎత్తేవారు. "పెట్టే ఉంటారులెండి" అని నేననేదాన్ని. ఏళ్ళ తరబడి అందరూ ఆ మాటే చెప్పారు. ఆ ఇల్లు ఇప్పుడెవరిదో, అసలు ఉందో లేదో, ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

తర్వాత మతిమరుపు ముదిరింది. కీళ్ళు బిగుసుకుపోయి చేతులు పైకి లేవడం మానేశాయి. కూతురు ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే చూసుకోలేక, ఏడ్చి ఏడ్చి, చివరికి ఓక్‌విల్‌లో ఒక కేర్ హోమ్‌లో చేర్పించింది. కొన్నాళ్ళకు ఆ ఫెరన్ ఒళ్ళో పెట్టుకుని మా బేస్‌మెంట్‌లో కూర్చుంది.

"దీదీ, వేరే ఏ డ్రెస్ వేసినా మమ్మీ లాగి పారేస్తోంది. ఇదే కావాలంటుంది. తల మీదుగా వేయడం కుదరదు, వెనక ఓపెన్ చేసి తెస్తేనే వేస్తామని హోమ్ వాళ్ళు అంటున్నారు. లేకపోతే దీన్ని ఇంటికి తీసుకుపొమ్మన్నారు" అంది.

వెనక హుక్కుల జాకెట్లు ఎన్నో కుట్టిన చెయ్యి నాది. అయినా ఆ ఉన్ని మీద చాక్‌పీస్‌తో గీత గీయడానికి మనసొప్పలేదు. చివరికి కత్తెర వేశాను. పైది, లోపలిది, రెండూ వీపు మీదుగా చీల్చాను. మడత దగ్గరికి వచ్చి ఆగిపోయాను. దాన్ని ముట్టుకోలేదు. అంచులకు పట్టీలు వేసి ప్రెస్ బటన్లు కుట్టాను.

ఆదివారం ఇద్దరం తీసుకెళ్ళాం. నర్సు ముందు నుంచి చేతులు ఎక్కించి, వెనక బటన్లు నొక్కింది. ఆంటీ వేళ్ళు తడుముకుంటూ మోకాళ్ళ కిందికి వెళ్ళాయి. మడత దొరికింది. "నాదే" అన్నారు. పోనీలే, అదైనా మిగిల్చాను అని నాకెంత సంతోషం వేసిందో. ఆంటీ మెల్లగా చేతులు లోపలికి లాక్కున్నారు. ఆ లాగడంలో వెనక బటన్లు ఊడిపోయాయి. మేం చూసుకోలేదు.

కాసేపటికి ఆవిడ భుజాలు వణికాయి.

"వెనక తలుపు ఎవరు తీశారు?"

కూతురు లేచి గది తలుపు చూసింది. కిటికీ కూడా చూసింది. "అన్నీ వేసే ఉన్నాయి మమ్మీ."

"లేదు. చలి వస్తోంది." ఆంటీ కళ్ళ నిండా నీళ్ళు. "వంటింటి తలుపు. నేను గడియ పెట్టలేదు. పెట్టకుండానే వచ్చేశాను."

ఇన్నేళ్ళూ అది అనుమానమే. ఇప్పుడు నమ్మకమైపోయింది. ఆంటీ కుర్చీ వెనక్కి వెళ్ళి, ఊడిన అంచులు రెండూ దగ్గరికి లాగి, ఆ చీలిక మీద అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను.

"గడియ పెట్టేశాను ఆంటీ" అన్నాను.

"గట్టిగా పెట్టావా బేటీ?"

"గట్టిగానే పెట్టాను."

విజిటింగ్ టైమ్ అయిపోయిందని నర్సు రెండోసారి వచ్చి చెప్పింది. కూతురు కోట్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. నేను మాత్రం చెయ్యి తీయలేకపోయాను.