రెండున్నర గంటల పెనం

అనకాపల్లి కొత్తగా జిల్లా అయిన ఏడాది చలికాలంలో నన్ను అకౌంట్స్ నుంచి ప్రపోజల్స్ పనికి మార్చారు. మాది పట్టణంలోనే ఉన్న ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. అకౌంట్స్ ఆఫీసర్ కాస్తా ప్రోగ్రామ్ ఆఫీసర్ అయ్యాను. జీతం మారలేదు గానీ బీపీ మారింది. నాది మొదటి నుంచీ కంగారు స్వభావం. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసుకునే మనిషిని.

ప్రపోజల్ అంటే నిధులిచ్చే సంస్థకు పెట్టుకునే దరఖాస్తు. సమస్య ఏమిటి, అది ఎంత పెద్దది, మీ డబ్బుతో ఎంత తగ్గుతుంది అన్నవి అంకెలతో చూపించాలి. అందుకని మా సంస్థ కార్యదర్శిగారు నన్ను విశాఖలో ఆదివారాలు నడిచే బిజినెస్ స్టాటిస్టిక్స్ తరగతికి పంపారు. మా అమ్మాయి కంటే చిన్నవాళ్ల మధ్య కూర్చుని సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం నేర్చుకున్నాను. ఈ చివరి మాట విని భయపడక్కర్లేదు. అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది. మా మాస్టారు సగటు వేసిన ప్రతిసారీ దాన్ని కూడా వేయించేవారు.

నా మొదటి ప్రపోజల్ సబ్బవరం వైపు ఉన్న ఒక ఊరి బెల్లం పొయ్యిల కోసం. చెరకు రసం పెనంలో పోసి, కింద పిప్పి మండించి, పాకం వచ్చేదాకా కాస్తారు. పొయ్యి పాతబడితే మంట గోడల్లోంచి బయటికి పోతుంది. కాగడం ఆలస్యమై బెల్లం నల్లబడుతుంది, మార్కెట్‌లో దాన్ని ఎవరూ ఇష్టపడరు. ఆ ఊళ్లో అప్పటికే కొందరు గానుగ ఆపేసి చెరకు సాగు మానేశారు. కొత్త పొయ్యిలు రాకపోతే మిగిలినవారిదీ అదే దారి.

ఊరి సర్వే మా ఫీల్డ్ వర్కర్ ఈశ్వరమ్మ చేసింది. ఒక పెనం కాగడానికి ఎంతసేపు పడుతుందన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. కాగితాలు నా బల్ల మీదకి వచ్చేసరికి అందరి జవాబూ ఒకటే, రెండున్నర గంటలు. ప్రామాణిక విచలనం సున్నా. ఇన్ని పొయ్యిలు నిమిషం తేడా లేకుండా కాగవు. కార్యదర్శిగారికి చెప్పాను. ఒకే ఊరు, ఒకే రకం చెరకు, అలాగే ఉంటుంది, ఈరోజే ఆఖరు తేదీ, పంపేయమన్నారు. పంపాం.

నేను భయపడ్డట్టే అయింది. అంకెల్లో తేడా లేకపోవడం సహజంగా లేదనీ, సర్వే నిజంగా జరిగిందో లేదో వారం లోపల ఆధారాలతో చెప్పాలనీ, లేకపోతే ప్రపోజల్ తిరస్కరిస్తామనీ నిధులిచ్చే సంస్థ నుంచి జవాబు వచ్చింది. మర్యాదగా రాశారు గానీ దాని అర్థం, మీరు ఆఫీసులో కూర్చుని అంకెలు వేసుకున్నారని. ముప్పై ఏళ్లకు దగ్గరగా లెక్కలు రాసిన మనిషిని, ఆ మాట నాకు అన్నం సయించనివ్వలేదు.

ఈశ్వరమ్మను పిలిచి ఎలా అడిగావని అడిగాను. ఊళ్లో రైతు సంఘం పెద్ద సన్యాసినాయుడుగారి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, ముందు ఆయన్ని, తర్వాత వరసగా మిగిలినవారినీ అడిగిందట.

"ఆయన రెండున్నర గంటలన్నాక మిగిలినోల్లు ఇంకోటి ఎలా సెప్తారు మేడం? ఎక్కువంటే ఈడికి మంట పెట్టడం రాదంటారు. తక్కువంటే నాయుడుగారి కన్నా గొప్పోడివేటి అంటారు" అంది.

ఇది ఏ తరగతిలోనూ చెప్పరు. మర్నాడే ఇద్దరం ఊరెళ్లాం. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. రసం పెనంలో పోయగానే ఫోనులో టైము నొక్కడం, పాకం చుక్క చన్నీళ్లలో వేస్తే ఉండ కట్టగానే ఆపడం. ప్రతి పొయ్యి దగ్గరా ఇదే పని. ఒకరిది రెండు గంటలకే అయిపోయింది. ఇంకొకరిది మూడు దాటింది. కార్యదర్శిగారికి ఫోనులో చెబితే, ఇప్పుడు వేరే అంకెలు పంపితే మొదటివి అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టు కాదా అన్నారు. ఆ భయం నాకూ ఉంది. మొదటి సర్వే ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాసి, రెండోది పక్కన పెడదామన్నాను. నమ్మితే ఇస్తారు, లేకపోతే లేదు. చివరికి సరే అన్నారు.

నాయుడుగారి పొయ్యి ఒక్కటే మిగిలిపోయింది. వెళ్లినప్పుడల్లా ఏదో ఒక సాకు. చెరకు కొట్టలేదంటారు, మనుషులు రాలేదంటారు. ఆయన్ని వదిలేసి పంపుదామంటే, సంఘం పెద్దగారి పొయ్యే లేని లెక్క ఇంకా అనుమానం పుట్టిస్తుంది. గడువు రేపనగా మళ్లీ వెళ్లాను. పెనం పొయ్యి మీద ఉంది, రసం పోయడానికి నా కోసమే ఆగారట.

రెండున్నర గంటలు గడిచాయి. రసం ఇంకా నురగ మీదే ఉంది. పిప్పి మోపులు ఒకదాని వెనక ఒకటి అయిపోతున్నాయి, పొయ్యి గోడ బీటల్లోంచి మంట కనిపిస్తోంది. నేను ఫోను చూడటం మానేసి నేల చూస్తూ కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"నాలుగ్గంటలు పడతాది తల్లీ. గోడ బీటలేసి మూడేల్లయింది. రెండున్నరన్నది అంతకుముందు మాట. ఊల్లో ఎవులికీ సెప్పనేదు."

ఆ అంకె రాయడానికి నాకు చెయ్యి రాలేదు. పేరు లేకుండా రాస్తానన్నాను.

"ఊల్లో నాకొక్కడికే ఇంత పాత పొయ్యి. పేరు లేకపోతే మాత్రం తెలీదేటి? రాసీయండి. నా మాట నిలబెట్టుకోడానికి ఊరందరి పొయ్యిలూ ఆగిపోవాలా?" అన్నారు. రాశాను. నిజంగానే నాలుగు గంటలు పట్టింది.

రెండు సర్వేలూ పంపాక, జవాబు వచ్చేదాకా నేను పడ్డ అవస్థ మా ఇంట్లోవాళ్లకే తెలుసు. చివరికి మంజూరైంది. ఒక షరతు పెట్టారు, పాకం ఆలస్యంగా వచ్చే పొయ్యిల స్థానంలో ముందు కొత్తవి కట్టాలని. మొదటి పేరు నాయుడుగారిదే. తనది మధ్యలో ఎక్కడైనా పెట్టమని ఆఫీసుకు వచ్చి అడిగారు. వరస అంకెలదే తప్ప నాది కాదని చెప్పాల్సి వచ్చింది. ఆయన ముఖం చూడటం నాకు కష్టమైంది.

కొత్త పొయ్యి వెలిగించిన రోజు ఊరంతా చుట్టూ చేరింది. పాకం దిగాక ఎవరో, ఎంతసేపు పట్టింది నాయుడు మామా అని అడిగారు. కొత్త పొయ్యి సంగతి చెబుతారని చూస్తున్నాను.

"పాత పొయ్యికి నాలుగ్గంటలు పట్టేదిరా" అన్నారు.

తర్వాత ఒకతను తనది మూడు దాటేదన్నాడు. వెనకనుంచి ఇంకొకతను, నాది రెండు గంటలే, సెప్పడానికి మొహమాటపడ్డాను అన్నాడు. మేము ఫోను పట్టుకుని పొయ్యిల చుట్టూ తిరిగి రాసుకున్న అంకెలన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను పంపిన ఏ ప్రపోజల్‌లోనూ నలుగురిలో అడిగిన అంకె వాడలేదు. కొలవగలిగితే కొలిచాం, లేకపోతే ఇంటింటికీ వెళ్లి విడిగా అడిగాం. నలుగురిలో అడగక తప్పనిచోట మాత్రం పెద్దాయన్ని చివర అడగమని ఈశ్వరమ్మకు చెప్పేదాన్ని.