ఎవాన్ కుడికాలు

మా కుస్కోక్విమ్ నది ఒడ్డు పల్లెల్లో ఎవాన్‌ని ఎరగనివాళ్లు లేరు. తోక కింద బుల్లి చక్రం ఉన్న పాత విమానంలో ముప్పై ఏళ్లు ఉత్తరాలూ, మందులూ, నిండుచూలాళ్లనూ మోశాడు. ఆ విమానానికి మెకానిక్‌ని నేను. అలాంటిది గాలిలో బుద్ధిగానే ఉంటుంది. నేల తాకాకే దాని తోక పక్కకు తిరిగిపోవాలని చూస్తుంది. పూర్తిగా ఆగేదాకా రెండు కాళ్లతో పెడల్స్ నొక్కుతూ చుక్కానిని సరిచేస్తూనే ఉండాలి.

"దిగామని మురిసిపోకండ్రా, తాడేసి కట్టేదాకా ఎగురుతున్నట్టే లెక్క," అనేవాడు కొత్తవాళ్లతో.

రెండేళ్ల కిందట మంచులో చిక్కుకుని ఎవాన్ కుడికాలి వేళ్లు పోయాయి. పాదం మొద్దుబారింది. ఆ సంగతి అతని భార్య మార్ఫాకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

జూన్‌లో మార్ఫా చేపలు కోస్తూ నన్ను పిలిచింది. "సావా, నిన్న మీ అన్న మరిగే నీళ్లలో కాలు పెట్టాడు. నేను అరిచేదాకా తెలీనే లేదు. నా మాటంటే లెక్కలేదు. విమానం పాడైందని చెప్పి నువ్వైనా ఆపు."

"చేపల కాలం దాటనీ వదినా. వలలకీ ఉప్పుకీ ఊళ్లన్నీ ఆయన మీదే ఆధారపడ్డాయి."

"చేపలు ఏటా వస్తాయి," అందామె.

నాకు ఒళ్లు మండింది. ఉత్త పిరికిది అనుకున్నాను. ఛీ, నా తెలివి తగలెయ్య!

ఆగస్టులో పంటినొప్పికి మార్ఫాని ఎవాన్ పట్నం తీసుకెళ్లి, వెనక్కి తెస్తున్నాడు. ఎడమవైపు నుంచి గాలి ఈడ్చి కొడుతోంది. చక్రాలు మెత్తగా తాకాయి. ముక్కు ఎడమకు తిరిగింది.

"కుడికాలు! అన్నా, కుడికాలు!" విమానం దిగే కంకర బాట పక్కనుంచి గొంతు చించుకున్నాను.

చుక్కాని కదల్లేదు. తోక గిర్రున తిరిగింది, రెక్క కంకరలో దిగబడింది, విమానం గట్టు దాటి నదిలో తలకిందులైంది. ఎవాన్‌ని లాగగలిగాం. మార్ఫాని బయటికి తెచ్చేసరికి ఊపిరి లేదు.

మార్ఫాని పాతిపెట్టిన మర్నాడు ఎవాన్ దగ్గరికి వెళ్లాను. కాలు ముందుకు చాపి దాన్నే చూస్తున్నాడు.

"నేను నొక్కాను సావా. నొక్కాననే గుర్తు. చుక్కాని తీగ తెగిందా? నిజం చెప్పు."

విమానం బయటికి తీశాక, పెడల్‌ని చుక్కానికి కలిపే ఆ తీగను నేనే చూశాను. చెక్కుచెదరలేదు.

"తెగిందన్నా. అరిగిపోయింది, నేనే చూసుకోలేదు."

చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని, "ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు," అన్నాడు.

విమానం పాడైందని జూన్‌లో చెప్పనందుకు మార్ఫా ఉన్నా అదే మాట అనేదని నాకు తెలుసు. లేచి వచ్చేశాను.