కుడిచేతికి మారిన మాస్టారు

ఆ ఫ్లెక్సీకి ఓకే చెప్పిన బుద్ధిమంతుణ్ణి నేనే. నెపం వేయడానికి ఇంకెవరైనా దొరుకుతారేమోనని చాలా రోజులు వెతికాను. దొరకలేదు.

మాస్టారు పోయిన వారానికి అంబాజీపేట హైస్కూల్లో సంస్మరణ సభ పెట్టాలని అభిమానులం అనుకున్నాం. అభిమానులంటే పదిహేను మందిమి. అందరం అరవై దాటినవాళ్ళమే. బాల్ బ్యాడ్మింటన్ అనే ఆట ఒకటుందని మనవలకి బొమ్మ గీసి చెప్పాల్సిన దశలో ఉన్నవాళ్ళం. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, మధ్య నెట్టు, కొయ్య బ్యాట్లు, పసుప్పచ్చ ఉన్ని బంతి. ఒకప్పుడు మా వైపు ప్రతి హైస్కూల్లోనూ ఆ కోర్టు ఉండేది. ఇప్పుడక్కడ బళ్ళు నిలబెట్టుకుంటున్నారు. మాస్టారు ఆ ఆటలో మా జిల్లాకంతటికీ మొనగాడు. నేనూ ఆయన జట్టులో ఉండేవాణ్ణి. ఆరోవాణ్ణి.

తెలుగు పంతులుగా రిటైరయ్యాను కనక ఫ్లెక్సీలో తప్పులు చూసే పని నాకప్పగించారు. డిజైను ఫోనుకి వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. ఏం చూశానంటే, కింది వరసలో అభిమానుల మొహాలుంటాయి కదా, అందులో నా మొహం. జుట్టుకి వేసిన రంగు బాగానే కనిపిస్తోంది గానీ పక్కాయన కంటే కాస్త చిన్నగా పడ్డాను. ‘నా ఫొటో కొంచెం పెద్దది చెయ్యండి. మిగతాదంతా ఓకే’ అని పంపాను.

మిగతాదంతా అంటే మాస్టారు.

మాస్టారిది ఎడమచేతి వాటం. వెనక లైను దగ్గర నిలబడి, బంతి ఇక నేలకి తగులుతుందనగా కిందనుంచి కోసినట్టు కొట్టేవారు. దాన్ని మేం కట్ అనేవాళ్ళం. ఆ బంతి నెట్టు అంచుని ముద్దుపెట్టుకున్నట్టు దాటి, అవతలివాడు కుడివైపుకి దూకితే ఎడమవైపున పడి చచ్చేది. లారీలకి కొబ్బరికాయలు ఎత్తే కూలీలు పని ఆపి గోడెక్కి చూసేవారు. నేను కూడా ఓ వేసవంతా ఎడమచేత్తో సాధన చేశాను. ఆ వేసవిలో మా కెప్టెనుకి ఒక పన్ను పోయింది, నాకు జట్టులో స్థానం ఖాయమైంది. అదే, ఆరోది.

ఆ ఆట తాలూకు ఫొటో ఒక్కటే మిగిలింది. ఎడమచెయ్యి పైకెత్తి, బంతికోసం గాల్లోకి లేచిన ఫొటో. ఫ్లెక్సీలో దాని పక్కన మా బాల్ బ్యాడ్మింటన్ అసోసియేషన్ అధ్యక్షులవారు కుడిచేత్తో అభివాదం చేస్తున్న నిలువెత్తు ఫొటో పెట్టారు. మాస్టారి చూపు బయటికి పోతోందని, అధ్యక్షులవారిని చూస్తున్నట్టు ఉండాలని, డిజైను చేసినాయన మాస్టారిని తిప్పేశాడు. బ్యాటు కుడిచేతిలోకి వచ్చేసింది.

సభ సాయంత్రం మొదలైంది. ముందు ప్రార్థన చేశారు, తరవాత మాటలు. మాటల కంటే తగువులు ఎక్కువ.

“ఫైనల్లో ఆఖరి పాయింటు స్మాషేనండి, ఇదిగో ఇలాగ!”

“స్మాషేంటండీ బాబూ, కట్టు! లైను దగ్గర నిలబడ్డవాణ్ణి నేను.”

“తమరు సోడా బండి దగ్గర కదండీ నిలబడ్డారు?”

“బండే లైను పక్కన ఉందండి!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ చూస్తే, స్మాష్ అన్నాయనా కుడిచేత్తోనే కొట్టి చూపించాడు, కట్ అన్నాయనా కుడిచేత్తోనే. అప్పుడు తలెత్తి ఫ్లెక్సీ చూశాను. అక్కడా బ్యాటు కుడిచేతిలోనే ఉంది.

మాస్టారి భార్య ముందు వరసలో కూర్చుని ఉన్నారు. నేనావిణ్ణి అక్కగారూ అంటాను. సభ అయ్యాక దగ్గరికి వెళితే ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“చిన్నప్పుడు ఎడంచెయ్యి తువ్వాలుతో నడుముకి కట్టేసి అన్నం పెట్టేవారంట, తమ్ముడుగారూ. బళ్ళో ఆ చెయ్యి మీదే కొట్టేరంట. ఆ కోర్టులోకి వెళ్తేనే ఎవరూ ఏమీ అనరని చెప్పేవారు.” ఆవిడ ఫ్లెక్సీ వైపు చూశారు. “ఇన్నేళ్ళూ ఎవరూ మార్చలేకపోయేరండి. పోయేక మీరు మార్చేరు.”

నాకు పెళ్ళి భోజనాలు గుర్తొచ్చాయి. నెట్టు మీద అంగుళం ఎత్తున బంతి పంపే మనిషి, కుడిచేత్తో పప్పన్నం కలిపి నోటిదాకా తెచ్చేసరికి సగం ఒళ్ళో పోసుకునేవారు. మేం పక్కన కూర్చుని జోకులేసేవాళ్ళం. ఆయనా మాతో నవ్వేవారు. ఎడమచెయ్యి బల్ల కింద దాచుకుని నవ్వేవారు. అన్నేళ్ళ అభిమానంలో ఆ దాచుకున్న చెయ్యి నాకు ఒక్కసారీ కనిపించలేదు.

ఫ్లెక్సీ మర్నాడే దింపేశారు. కానీ అదే బొమ్మని నల్లరాతి మీద దించి కోర్టు పక్కన నిలబెట్టాలని అధ్యక్షులవారు నిర్ణయించారు. ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోతుంది. రాయి ఉండిపోతుంది. ఆయన ఆట చూసిన మేం ఇంకెన్నాళ్ళుంటాం? తరవాత వచ్చేవాళ్ళకి రాయి చెప్పిందే నిజం. అధ్యక్షులవారి దగ్గరికి వెళ్ళి అడిగాను.

“మాస్టార్ని ఎడంచేతి వాటానికి తిప్పించాలండి.”

“తిప్పితే నాకు వీపు పెట్టినట్టు ఉంటదండి, బాగోదు. అయినా ఏ చెయ్యయితే ఏంటండీ? చూసిందెవరు?”

“మేం చూసేం కదండీ.”

“మీరు చూసే కదండీ ఓకే అన్నారు!”

నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

రాయి పని దగ్గరుండి చూడమని మళ్ళీ నాకే అప్పగించారు. మా వాళ్ళ నమ్మకం అలాంటిది. అమలాపురంలో సమాధుల మీద బొమ్మలు దించే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కంప్యూటరులో బొమ్మ తెరిచి, “మార్పులేమన్నా ఉన్నాయాండీ?” అన్నాడు.

“అక్షరాలు కదపకండి. బొమ్మలు రెండూ కలిపి ఒకేసారి అటుదిటు తిప్పెయ్యండి.”

“రెండూనా అండీ?”

“రెండూనండి.”

ఒక్క మీట నొక్కాడు. మాస్టారి బ్యాటు ఎడమచేతిలోకి వచ్చేసింది. చూపు మాత్రం అధ్యక్షులవారి మీదే ఉంది. నా మొహం గురించి అడిగితే తీసెయ్యమన్నాను.

రాయి నిలబెట్టిన రోజున అక్కగారు దగ్గరికి వెళ్ళి, ఆ ఎత్తిన చెయ్యి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నారు. కొంగుతో రాతిమీది దుమ్ము తుడిచి వచ్చి కూర్చున్నారు.

తరవాత అధ్యక్షులవారు వచ్చారు. రాతి మీద ఆయన ప్రజలందరికీ ఎడమచేత్తో అభివాదం చేస్తున్నారు. చొక్కా జేబు కుడివైపున ఉంది. ఆయన తన బొమ్మని కిందనుంచి పైదాకా తృప్తిగా చూసుకున్నారు. రోజూ అద్దంలో కనిపించేది ఆ మనిషే కదా మరి.

“ఫ్లెక్సీలో కంటే ఇందులోనే బాగా వచ్చేనండి” అన్నారు.

“ఆయ్, అచ్చు మీరేనండి” అన్నాను.