పదకొండో బల్ల

వరద తీశాక ధవళేశ్వరంలో ఆ చిన్న బడి గోడల మీద నడుమెత్తున బురదగీత మిగిలింది, గోదారి అక్కడిదాకా వచ్చి నిలబడి పాఠం విని వెళ్ళినట్టు. బల్లలు మాత్రం మిగల్లేదు. రెబెక్కా టీచర్ మూడో తరగతిలో ముప్పై ఆరుగురు. ఏడాదిగా చెమ్మ నేల మీదే కూర్చుంటున్నారు.

తెలుగులో బ్లాగులు రాసుకునే కొద్దిమంది కలిసి, తమలాగే బ్లాగు రాసే రెబెక్కాతో ఒక పందెం పెట్టుకున్నారు. రెండో శనివారం పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆమె తన బ్లాగులో గంటకో టపా, అంటే ఒక చిన్న రాత, పెట్టాలి. పడిన ప్రతి టపాకీ పాఠకులు బడికి ఒక బల్ల చేయిస్తారు. గంట దాటితే ఆ బల్ల పోయినట్టే. పన్నెండు బల్లలు, బల్లకి ముగ్గురు. ఒక్కటి తప్పినా ముగ్గురు కిందే ఉండిపోతారు.

ఇంట్లో కంప్యూటరు లేక పల్లంరాజు గారి నెట్ సెంటర్లో కూర్చుంది. పొరపాటు అక్కడే జరిగింది. మంచిపని జరుగుతోందని తెలిస్తే ఆ వీధి మర్యాద చెయ్యకుండా ఉండలేదు.

ఏడింటికి సుబ్బాయమ్మ గారు పెసరట్లు తెచ్చారు. "తిని రాయండి టీచర్ గారూ. చల్లారితే ఏం బాగుంటాయండి?"

తొమ్మిదింటికి పూతరేకులు. పదకొండింటికి గుమ్మం ముందు టెంటు. వేళ్ళకి నెయ్యి, కీబోర్డుకి నెయ్యి. మాట కోసం ఆమె కిటికీలోంచి కాలవ వైపు చూస్తే, ఎవరో మజ్జిగ గ్లాసు పట్టుకుని అడ్డంగా నిలబడి నవ్వేవారు. వాలబోయిన కొంగలా మాట కాస్తా ఎగిరిపోయేది.

ఎలాగో పది టపాలు పడ్డాయి. నాలుగూ ముప్పావుకి పదకొండోది చివరి వాక్యంలో ఉండగా పల్లంరాజు గారు శాలువా, దండ, మైకుతో వచ్చారు.

"చిన్న సన్మానమండి. రెండు ముక్కలు మాట్లాడి కప్పేస్తాం."

"ఆరు దాటాక కప్పండి. ఇంకా అవలేదండి."

"ఆరింటికి పెద్దలుండరండి. పెళ్ళికెళ్ళాలి."

మైకుకి కరెంటు కావాలి. ఆయన వంగి చేతికందిన ప్లగ్గు పీకారు. తెర నల్లబడింది.

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో రెబెక్కా పెద్దవాళ్ళెవరితోనూ 'అండి' లేకుండా మాట్లాడలేదు.

"పెట్టు," అంది. "ముందు ఆ ప్లగ్గు పెట్టు."

ఆయన దండ చంకలో పెట్టుకుని ప్లగ్గు పెట్టారు. ఎవరో పక్కింట్లోంచి వైరు లాగి మైకు పని చూసుకున్నారు.

కంప్యూటరు లేచేసరికి ఐదవడానికి ఆరు నిమిషాలున్నాయి. పోయిన రాతని ఆమె వెతకలేదు. ఎదురుగా ఉన్నదే రాసింది: శాలువా, ప్లగ్గు, పల్లంరాజు గారు. ఈయనగారి మర్యాద వల్ల ముగ్గురు పిల్లలు నేల మీద కూర్చోబోతున్నారని. నిమిషం ఉందనగా టపా పడింది.

ఆయన వెనక నిలబడి చదువుతున్నారు. ఆమెకి తల తిప్పాలనిపించలేదు.

"నా పేరు నెట్‌లో పడిందండీ," అన్నారాయన మెల్లగా.

"తిట్టానండి."

"చూశానండి. ఓసారి మైకులో చదువుతారా? మావాళ్ళు వింటారు."

గడియారంలో ఐదైంది, పందెంలో పన్నెండో గంట మొదలైంది. రెబెక్కా కళ్ళు మూసుకుని తెరిచింది.

"తర్వాత చదువుతానండి. అందాకా మీరు గుమ్మంలో కూర్చుని ఎవర్నీ రానివ్వకండి."

ఆయన ఆనందంగా కుర్చీ వేసుకున్నారు. మైకు అందుకున్నారు. "టీచర్ గారు రాస్తున్నారండి. దయచేసి ఎవరూ మాట్లాడకండి," అని రెండు నిమిషాలకోసారి వీధి దద్దరిల్లేలా చెబుతూనే ఉన్నారు.

రెబెక్కా ఎడమచేత్తో ఒక చెవి మూసుకుని, కుడిచేతి ఒక్క వేలితో పన్నెండో బల్ల మొదలుపెట్టింది.