మా చెల్లెలు నీళ్లు పోసుకున్న సంగతి

1961 మే నెల, రెండవ గురువారం, పగలు మూడు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. నీడలోనే నూట ఆరు డిగ్రీలు. సరిగ్గా ఆ సమయంలో అనంతపురంలోని మా వరండాలో కూర్చుని మా చెల్లెలి పెళ్లిని దాదాపు ముంచేశాను. నీళ్లు లేని ఊళ్లో ముంచడం సులభం కాదు.

వరుడు మా ఊరికి కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు. చెల్లెలికి అతడు నచ్చాడని మా ఇంటి గోడలకు కూడా తెలుసు. గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన అతడి తండ్రికి పిల్ల నచ్చింది గానీ, ఊరే గొంతు దిగలేదు. సాయంత్రం రైలుకు ముందే ఔనో కాదో చెప్తానన్నారు.

నేను ఊరి తరఫు వకీలునయ్యాను. ఇక్కడ వరద రాదు, తుపాను రాదు, ఉతికిన పంచె పావుగంటలో ఆరుతుంది, మా నాయన గొడుగు పదకొండేళ్లుగా కొత్తదే అని విన్నవించాను. ఇవి గొప్పలు కావు, పరిశీలించి తేల్చినవి. నేటికీ నేను ఈ ఊరు వదలకపోవడానికి కారణాలూ ఇవే.

"మరి నీళ్ల సంగతేవిటి బాబూ?" అన్నారాయన.

"నీళ్లకేమి సార్. మా చెల్లెలు ఈ పొద్దు గూడా నీళ్లు పోసుకునింది."

కాఫీ గ్లాసు ఆయన పెదవుల దగ్గరే ఆగిపోయింది. "పెళ్లి కాకుండానేనా?"

పాఠకులారా, మా సీమలో నీళ్లు పోసుకోవడమంటే స్నానం. ఆయన వైపు అదే మాటకు కడుపుతో ఉండటమని అర్థం. అది నాకప్పుడు తెలియదు. పెళ్లికి ముందు స్నానం చేయకపోవడం వాళ్ల ఆచారమేమో అనుకున్నాను.

"దానికి పెండ్లితో ఏం పని సార్? మా వీధిలో ఆడోళ్లంతా దినామూ పోసుకుంటారు. మా అవ్వకు ఎనభై ఏండ్లు, ఆయమ్మ తెల్లార్జామునే పోసుకుంటాది."

ఆయన ముఖం వేసవి చెరువులా బీటలు వారింది. సంచీ అందుకుని లేచారు. ఇదంతా మావాడికి తెలుసా అని గొణిగారు.

"తెలీకేమి సార్? వాళ్లింట్లో కొళాయి రాలేదని మొన్న మాస్టారు గూడా ఈడికొచ్చి పోసుకున్నాడు."

"మా వాడా?"

లోపలి నుంచి చెల్లెలి గొంతు ఏడుపుకూ నవ్వుకూ మధ్య వినిపించింది. "స్నానమను అన్నా, స్నానమను."

ఆయన సంచీ వదిలేసి, కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత గడప వైపు తిరిగి, స్నానానికి ఎన్ని బిందెలు పడతాయమ్మా అని అడిగారు.

"ఒకటే. ఆ నీళ్లు మళ్లా కరేపాకు చెట్టుకు పోతాయి."

"ఊరి మాట దేవుడెరుగు. ఈ పిల్ల ఎక్కడైనా కాపురం చేస్తుంది," అని ఆయన కండువా తీసి కుర్చీకి వేశారు. "రైలు రేపు చూసుకుందాం. ముందు నేనూ నీళ్లు పోసుకుని వస్తాను. నాకూ ఒక బిందె చాలు."

అగ్నిసాక్షిగా ఆనాడే శపథం పట్టాను: కోస్తావారి ఎదుట స్నానాన్ని స్నానమనే అంటాను, అదీ ఎవరైనా అడిగితేనే.

ఇక చివరి లెక్క. ఆయన అర్థంలో మా చెల్లెలు నీళ్లు పోసుకున్నది మూడు పర్యాయాలు. ముగ్గురూ అనంతపురంలోనే పుట్టారు.