నాన్న దాచిన పోర్ట్ సీసా

చంద్రిక పుట్టిన ఏటి ద్రాక్షపళ్లతో చేసిన వైన్ అది. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసే సూర్యప్రకాశరావు, కూతురికి మూడేళ్లప్పుడు పోర్చుగల్ రేవులో దాన్ని కొన్నాడు. పోర్ట్ అంటే బ్రాందీ కలిపి ఏళ్లతరబడి నిలవ ఉంచే తియ్యటి వైన్. "నీ బిడ్డ అన్నప్రాశన రోజున తెరుద్దాం. అప్పటికి ఎండు ఖర్జూరం, మాగిన నేరేడుపండు కలిసిన రుచి వస్తుంది" అనేవాడు. విశాఖపట్నంలో బీరువా అడుగున, పాత పంచె చుట్టి, బిరడా ఎండకుండా అడ్డంగా పడుకోబెట్టి ఉంచాడు. రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు.

ఇవాళ అమెరికాలోని చాండ్లర్‌లో చంద్రిక కూతురు అదితికి అన్నప్రాశన. మనవరాలిని చూడటానికి వస్తూ చంద్రిక తల్లి నాగమల్లేశ్వరి ఆ సీసాను సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చింది.

పరమాన్నం నాకి పాప నిద్రపోయింది. చంద్రిక కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, పాప తాగే పాలు కూడా మిల్లీలీటర్లలో రాసుకునే మనిషి. వైన్ తాగాక పాలివ్వకూడదని, సాయంత్రానికి పాపకు కావలసిన తన పాలు ముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టి, సీసా ముందు కూర్చుంది.

"పాపకి అన్నం పెట్టిన రోజున మందు సీసా తెరవడమేంటో! తండ్రీకూతుళ్లిద్దరూ ఒకటే" అంది నాగమల్లేశ్వరి.

బిరడా తీయబోతే పొడిపొడిగా రాలింది. చంద్రిక ఆ పొడిని వేళ్లతో నలిపి చూసింది.

"అమ్మా, దీన్ని నిలబెట్టి ఉంచావా?"

"మీ నాన్న ఫొటో పక్కన పెట్టానే. దండ వేసిన ఫొటో పక్కన పడుకోబెట్టమంటావా? నాకు మనసొప్పలేదు."

"రెండేళ్లా! బిరడా ఎండిపోతే లోపలికి గాలి వెళ్తుందమ్మా. మొత్తం స్పాయిల్ అయిపోయిందేమో."

"ఫోన్‌లో రోజూ నా బీపీ అడిగావు గానీ, సీసా సంగతి ఒక్కసారైనా అడిగావా?"

 చంద్రిక వైన్‌ను పల్చటి గుడ్డలోంచి గ్లాసులోకి వడకట్టి, ఒక్క గుక్క నోట్లో పోసుకుంది. తీపి, కాస్త పులుపు, చివర ఏదో చేదు. ఖర్జూరమూ లేదు, నేరేడూ లేదు. అది అలాగే ఉండాలో, చెడిపోయిందో తెలియలేదు. ల్యాబ్‌లో అయితే పోల్చి చూసుకోవడానికి మంచి నమూనా ఒకటి పక్కనే ఉంటుంది. ఇక్కడ రుచి చూసి చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆయన లేడు.

"అమ్మా, నాన్న సెలవుల్లో భోజనమయ్యాక చిన్న గ్లాసుతో పోర్టే తాగేవాడుగా. వాసన నీకు తెలుస్తుంది. చూడవా?"

కొంగు సర్దుకుని నాగమల్లేశ్వరి గ్లాసు మీదికి వంగింది. వెంటనే తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదే."

చంద్రిక కళ్లలో నీళ్లు తిరిగాయి. "గ్లాసులో పోశాక కాసేపు గాలి తగిలితే వాసన తేరుకుంటుందంటారు. ఓ గంట వెయిట్ చేద్దామా?"

"చేద్దాం. మనకేం తొందర?"

సింకులో గిన్నెలు అలాగే వదిలేసి నాగమల్లేశ్వరి బల్ల దగ్గరే కూర్చుంది. పది నిమిషాలకోసారి వంగి వాసన చూసింది. నాలుగోసారి కళ్లు మూసుకుని వంగి, తల మళ్లీ ఎత్తలేదు.

"ఇప్పుడు?"

"ఊఁ... కొంచెం ఆ వాసనే."

"నిజంగానా, నా కోసం అంటున్నావా?"

"కాసేపు మాట్లాడకే" అంది నాగమల్లేశ్వరి, కళ్లు తెరవకుండానే.